గోళ్ల లెక్క

ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్‌లో
అక్టోబరు పొడుగునా నా పెన్సిల్ రాతలు.
కుడి ముందుకాలు, రెండోది: మూడో తారీఖు.
ఎడమ ముందుకాలు, చివరిది: తొమ్మిదిన.
పదకొండున రెండు, ఒకే గుంటలో.
మా ఆయన ఉన్నప్పుడు
ఇదే మేకుకి వేలాడే క్యాలెండర్‌లో
వాన పడ్డ రోజులు రాసుకునేవాడు.

బిబాకి ఆరేళ్లు.
ఉంగరాల బొచ్చు, తడిసిన గొంగళి వాసన,
జానెడు మట్టి కింద, ఓక్ వేళ్ల సందున
దాక్కున్న ట్రఫుల్‌ని పసిగట్టే ముక్కు.
ముక్కుకి ఏ జబ్బూ లేదు.
గోళ్లే.
పాత పెంకుల్లా నిలువునా చీలి
లోపల బోలుగా
సగం ఊడి, సగం వేలాడుతూ
అడుగడుక్కీ ఏదో ఒక గడ్డిపరక తగులుకుంటూ.

మొదటిసారి రక్తం చూసి
అరిచింది నేనే, అది కాదు.
వంటింటి గచ్చు మీద ఎర్రటి కామాలు పెట్టుకుంటూ
పొయ్యి దాకా నడిచి పడుకుంది.
మొక్కజొన్న పిండి అద్ది, అదిమిపట్టి
మూడొందలు లెక్కపెట్టాను.
నా ఉన్ని మేజోడు తొడిగాను.
తెల్లారేసరికి మేజోడు లేదు,
బిబా కడుపులో ఉంది.

బుజెట్‌లో డాక్టర్ నేవెన్
మత్తిచ్చి వేలాడేవాటిని తీసేశాడు.
"రాయి తగిలి విరగడం కాదమ్మా ఇది,
ఒంట్లో కాపలా కాసేవాళ్లే దారి తప్పి
గోటి మొదళ్లని కొరుక్కుతింటున్నారు.
పోయే జబ్బు కాదు, అణిగే జబ్బు."
మాత్రలు రాశాడు, చేపనూనె రాశాడు,
కత్తెర పెట్టకు, ఆకురాయితో అరగదియ్యమన్నాడు.
తలుపు దాకా సాగనంపి, గొంతు తగ్గించి
"తవ్వనివ్వకు" అన్నాడు.

తవ్వకపోతే బిబా ఏం చేస్తుంది?
నన్ను చూస్తూ కూర్చుంటుందా?

రెండు కుక్కల జ్వానే ఆ రాత్రి తాగి
"మావాటి కాలి గోటికి సరిపోదు నీది" అన్నాడు.
ఎప్పుడూ అనే మాటే.
ఈసారి మాత్రం ఎనిమిది రోజులు
వాడి మొహం చూడలేదు.

చేపనూనె సీసా మూత తియ్యగానే
పందొమ్మిదేళ్ల నేను లేచి నిలబడ్డాను.
రోవిన్‌లో సార్డీన్ల కర్మాగారం,
తెల్లారి నాలుక్కే ఉప్పునీళ్ల తొట్టి,
తల తెంపు, తోక తెంపు, డబ్బాలో పేర్చు.
రెండో చలికాలానికి నా గోళ్లు కూడా
మెత్తబడి, పొరలు విడి, ఊడాయి.
ఒకటి ఏదో డబ్బాలోకే పోయింది,
ఏ ఊళ్లో ఎవరి రొట్టె మీదికి చేరిందో.
"గోళ్లు మళ్లీ మొలుస్తాయి, ఉద్యోగం మొలవదు"
అంది మా పైన ఉండే అంతోనియెలా.
గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో
నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.
పెళ్లి విందులో చేతులు బల్ల కింద దాచుకున్నాను.

అందుకే
సాయంత్రం కాలు ఒళ్లో పెట్టుకుని
ఆకురాయి ఆడిస్తున్నప్పుడు
బిబా మొహం అటు తిప్పుకుంటే
తిప్పుకోనిస్తాను.

నవంబరంతా ఒకటే పాఠం.
వాసన తగిలితే ఆగు. ఆగితే జున్నుముక్క.
మొదటివారం ఆగలేక వణికింది,
మూలిగింది, నామీద మొరిగింది,
ఓసారి నేను తుమ్మేలోపు తవ్వేసింది.
క్యాలెండర్‌లో మరో గీత.

నిన్న పొద్దున మిర్నా ఒడ్డున మంచు,
చెట్లు మొదళ్ల దాకే ఉన్నాయి.
బిబా ఆగింది.
ఒక కాలు గాల్లోనే ఉంచి
వెనక్కి తిరిగి నన్ను చూసింది.
నేను రావడం ఆలస్యమని చూసింది, అంతే.

మోకాళ్ల మీద కూలబడ్డాను.
పై మట్టికి చిన్నపార,
ఆ తర్వాత వేళ్లే. ఇనుము తగిలితే గాటు పడుతుంది.
గీకాను, వేరు పక్కకి నెట్టాను, మళ్లీ గీకాను.
బిబా ముక్కు నా చెవి పక్కనే
గట్టిగా ఊపిరి పీలుస్తూ
అటు కాదు, ఇటు, అన్నట్టు.

నిమ్మకాయంత తెల్లది.
దాన్ని బట్టలో చుట్టేదాకా చూసుకోలేదు,
నా వేలికి రక్తం.
బిబా చూసింది. నాకింది. జున్ను అడిగింది.

ఇంటికొచ్చి పెన్సిల్ చెక్కి రాశాను.
ఎడమ చెయ్యి, ఉంగరపు వేలు: పద్నాలుగున.
పక్కన చిన్నక్షరాలతో, "నాది."